రేపు పదింటికి అందే మాట

మత్స్యవల్లి రొయ్యల కంపెనీ ప్రహరీ లోపల ఎవరు ఏం మాట్లాడినా, అది అవతలివాళ్ళ చెవిన పడేది సరిగ్గా మర్నాడు అదే వేళకి. నోటి నుంచి వచ్చిన మాట ముందు ఆఫీసుకి పోతుంది. అక్కడ మాటల సెక్షన్లో ఆరుగురు గుమస్తాలు దాన్ని విని, నంబరు వేసి, మర్నాటికి పంపిస్తారు. కంపెనీ నడవాలంటే లోపలి సమాచారం ఒక పద్ధతిలో నడవాలని యాజమాన్యం గట్టి నమ్మకం. గేటు దాటితే మాట మామూలుగానే పలుకుతుంది కాబట్టి ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు.

అలవాటు కూడా అయిపోయింది. రేపటి టీ ఇవాళే అడుగుతారు. రేపు ఆలస్యంగా రాబోయేవాళ్ళని సూపర్వైజరు ఇవాళే తిట్టిపోస్తాడు. ఆ తిట్టు వృథా కాకూడదని కొందరు పాపం కావాలనే ఒక బస్సు వదిలేసి వస్తారు.

ఎల్లాజీ ఆ కంపెనీలో కంప్రెసర్ ఆపరేటరు. రొయ్యల్ని గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు అతని చేతిమీదే నడుస్తుంది. గోడకవతల, రొయ్యల తలలు తీసే హాల్లో అతని భార్య దేముడమ్మ పనిచేస్తుంది. మధ్యలో ఒక అద్దాల కిటికీ. ప్రహరీ లోపల ఆ ఇద్దరూ ఒక్కసారీ పోట్లాడుకున్నది లేదు. తిట్టు చేరేలోపు ఇంటి దగ్గర రాజీ అయిపోయేది.

శనివారం పదింటికి ఎల్లాజీ ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి, "గోడ పక్క పైపు జాయింటు కారతందండి, ఇయ్యాలే సూడాల" అన్నాడు. తొందరలో చేసిన పొరపాటది. శనివారం అన్న మాట ఆదివారం చేరుతుంది, ఆదివారం సెలవు. ఆ మాట వేళకే వచ్చి, ఖాళీ కుర్చీకి వినబడి పోయింది. రిజిస్టరులో 'అందింది' అని రాశారు.

సోమవారం భద్రతా దినం. పది కావస్తుండగా ఎల్లాజీ కళ్ళు మండాయి. జాయింటు దగ్గర తెల్లటి పొగ బుస్సుమని గోడ పగులులోంచి హాల్లోకి పోతోంది. సైరను నొక్కాడు. సైరనూ శబ్దమే కనక ఆఫీసుకి పోయింది. "గేసు! బైటికి రండే!" అని గావుకేక పెట్టాడు. అదీ దాని వెనకే పోయింది. రాసి చూపిద్దామంటే, శుభ్రత పేరు చెప్పి ప్లాంటులోకి కాగితం ముక్క రానివ్వరు.

కిటికీలోంచి చూస్తే హాల్లో నలభై మంది ఆడవాళ్ళు మాస్కుల్లో చప్పట్లు కొడుతున్నారు. మేనేజరు గారు నిన్న, సెలవు రోజైనా శ్రమపడి ఒక్కరే వచ్చి, ఖాళీ హాల్లో నిలబడి ఇచ్చిన ఉపన్యాసం వాళ్ళకిప్పుడు అందుతోంది.

"ఈరోజు మన ప్లాంటులో ఏ ప్రమాదమూ జరగలేదు. ఏదైనా వాసన వస్తే అది నేల కడిగే మందు. ఎవరి చోట వాళ్ళుండండి."

ముక్కులు మండుతున్నాయి. అయినా ఆ కంపెనీలో చెవికున్న పరపతి ముక్కుకి లేదు.

ఎల్లాజీ తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాడు. పొగలో దేముడమ్మని పోల్చుకుని మణికట్టు పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది. మాస్కు వెనక నోరు కదిలింది. కళ్ళు పెద్దవి చేసి చూసి, మళ్ళీ బల్ల వైపు వంగింది. నలుగురిలో చెయ్యి పట్టుకున్నందుకు కోపమొచ్చిందనుకున్నాడు. అంత పొగలో కూడా పని వదలనంటోందనుకున్నాడు. "సరే, నీ కరమ!" అనేసి, పెద్ద వాల్వు కట్టడానికి వెనక్కి ఉరికాడు. బిగుసుకుపోయిన చక్రం తిప్పి కట్టేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

ముప్పై ఎనిమిది మంది ముక్కుల మాట విని ఎలాగో బయటపడ్డారు. దేముడమ్మా, పక్క బల్ల కొర్లమ్మా రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఎల్లాజీ పనిలోకి వచ్చాడు. శవం ఇంకా పెద్దాసుపత్రిలోనే ఉండగా వచ్చాడేమిటని జనం ముక్కున వేలేసుకున్నారు. మరేం చేస్తాడు? ఆమె చివరి మాట అందేది ప్రహరీ లోపలే కదా.

పదింటికి సైరను మోగింది. "గేసు! బైటికి రండే!" అన్న కేక స్పష్టంగా వినబడింది. అందరూ వరసగా, తోసుకోకుండా, మూడు నిమిషాల్లో హాలు ఖాళీ చేశారు. మేనేజరు గారు గడియారం చూసుకుని తృప్తిగా తల పంకించారు. ఎల్లాజీ ఒక్కడే వాళ్ళకి ఎదురు నడిచి, దేముడమ్మ బల్ల దగ్గర నిలబడ్డాడు. తిడితే బాగుండునని మొక్కుకున్నాడు.

"మావా, సెయ్యొదులు. కొర్లమ్మ కింద పడిపోనాది. దాన్ని లెగదీసి వత్తాను. నువ్వు పద."

ఆ వెంటనే అతని గొంతే వినబడింది. "సరే, నీ కరమ!"

ఎల్లాజీ బల్ల అంచు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా నంబరు వేయించుకోవడానికి ఆఫీసుకి పోయింది. కాసేపటికి తేరుకుని, "బేగి వచ్చీయే. నానిక్కడే ఉంతాను" అన్నాడు.

సాయంత్రం గేటు బయట మాటల సెక్షన్ గుమస్తా కామేశం అతన్ని ఆపాడు. మంచి మనిషి.

"నువ్వన్న మాట మా దగ్గరికి వచ్చింది ఎల్లాజీ. అందుకోడానికి మనిషి లేదు కదా. ఆ బల్లకి రేపు కొత్తావిడ వస్తోంది. ఆవిడకి ఇప్పించేస్తాలే. మాట పోదు."

"సిత్తమండి," అన్నాడు ఎల్లాజీ.

బుధవారం పదింటికి కొత్తావిడ చెవిలో ఆ మాట పడింది. ఆమె ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. అద్దం అవతల ఎవరో మనిషి తనవైపే చూస్తున్నాడు. మొదటి రోజు పనిలో నిదానిస్తే బాగుండదనుకుని, తల వంచుకుని, రొయ్యల మీద చెయ్యి జోరు పెంచింది.

రిజిస్టరులో 'అందింది' అని రాశారు.