మాడితేనే కుకీ

ఇంట్లో కుకీలు మాడిపోవడం మహాభాగ్యం! ముక్కున వేలేసుకోకండి. పూర్తిగా చదివి, అప్పుడు తిట్టండి.

మాడ్చడమంటే చేతకానితనమని లోకం అనుకుంటుంది. కాదండీ, అదో విద్య! మామూలు బిస్కెట్లని ఎవరైనా మాడ్చగలరు. నేను మాడ్చేది మొలాసిస్ కుకీల్ని. మొలాసిస్ అంటే చెరకు రసంలోంచి చక్కెర లాగేసుకున్నాక మిగిలే నల్లటి పాకం. సీసాలోంచి దిగమంటే దిగదు. దిగాక గరిటెని వదలదు. గరిటెని వదిలిందంటే చొక్కా పట్టుకుంటుంది. దాన్ని మైదాలో, వెన్నలో, అల్లం పొడిలో కలిపి, ఉండలు చేసి, చక్కెరలో దొర్లించి ఓవెన్లో పెట్టాలి. "చిన్నపిల్లలు కూడా చేసేయొచ్చు!" అంది వీడియోలో అమ్మాయి, తెల్లటి ఏప్రన్ మీద ఒక్క మరకైనా లేకుండా.

ఏది కాల్చినా ఎర్రబడగానే తీసేయాలని నాకూ తెలుసు. కానీ ఈ పిండి పుట్టడమే నల్లగా పుట్టిందే! ఇంక అది ఎర్రబడేదెప్పుడు, నేను చూసేదెప్పుడు? ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాను. తీసి వేలితో నొక్కితే మెత్తగా ఉంది. పచ్చిగా ఉందనుకుని మళ్ళీ లోపలికి తోశాను. మళ్ళీ నొక్కాను, మళ్ళీ తోశాను. మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలనీ, చల్లారేకొద్దీ అవే గట్టిపడతాయనీ ఆ అమ్మాయి చివర్లో చెప్పిందట. ఏదైనా చివరిదాకా వినే ఓపికే ఉంటే నేను పేపర్లో కాలమ్ ఎందుకు రాస్తాను?

మా అత్తగారు ఓ కుకీ నోట్లో పెట్టుకుని, వెంటనే తీసేసి, అటూ ఇటూ తిప్పి చూశారు. "బావుంది బాబూ, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు" అన్నారు.

ఇక లాభాలు వినండి. తినలేం కాబట్టి షుగర్ రాదు. ట్రేకి అంటుకున్న పాకం గీకడంలో భుజాలు గట్టిపడతాయి, జిమ్ అక్కర్లేదు. కింది ఫ్లాటాయన ఇదివరకు సెలవు రోజు పొద్దున్నే ఊడిపడి, మధ్యాహ్నం దాకా రాజకీయాలతో నా బుర్ర తినేవాడు. ఇప్పుడు ముందే ఫోన్ చేసి, "ఇవాళ ఏమైనా కాలుస్తున్నారా?" అని అడుగుతున్నాడు. అవునన్నానా, ఇక ఆ రోజు అటు నుంచి చప్పుడుండదు. ఎంత ప్రశాంతత!

కానీ అసలు లాభం పొగ.

మా ఇంట్లో నలుగురం. మా ఆవిడ ఓ గదిలో ఆఫీసు మీటింగులో ఉంటుంది. మా అమ్మాయి ఓ గదిలో చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఉంటుంది. అత్తగారు ఇంకో గదిలో ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని సీరియల్లో మునిగి ఉంటారు. అన్నానికి రండని పిలిస్తే "వస్తున్నా" అన్న జవాబు వస్తుంది, మనిషి రాదు. కంచాలే గదుల్లోకి వెళతాయి. డైనింగ్ టేబుల్ దగ్గర నేనూ ఇస్త్రీ బట్టలూ మిగులుతాం.

అదే, మొదటిసారి పొగ వచ్చిన రోజు చూడాలి! తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. అందరూ దగ్గుకుంటూ బాల్కనీలోకి పరిగెత్తారు. ఫోన్లన్నీ లోపల, మనుషులంతా బయట! పొగ పోయేదాకా ఏం చేస్తారు పాపం? మాట్లాడుకున్నారు. ముందు అందరూ కలిసి నన్ను దులిపేశారు. తర్వాత అత్తగారు, పెళ్ళైన కొత్తలో తను కూర గిన్నె మాడ్చి, గిన్నెతో సహా పెరట్లో పాతిపెట్టిన సంగతి చెప్పారు. మా ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వుతుందన్న సంగతే మర్చిపోయాను. అమ్మాయి వైపు చూద్దును కదా, దాని ముఖాన కళ్ళజోడు!

"ఇదెప్పుడు పెట్టుకున్నావే?"

"పోయిన నెల, నాన్నా."

చూపు తగ్గింది దానికా, నాకా?

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పౌరుషం ఊరుకోనిస్తుందా! ఈసారి వీడియో చివరిదాకా చూశాను. పైన పగుళ్ళు రాగానే, మెత్తగా ఉండగానే తీసేశాను. అద్భుతం! అందరూ వచ్చారు. తలా రెండు ప్లేట్లో వేసుకుని ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. తలుపులు మూసుకున్నాయి. కాసేపటికి ఫ్యామిలీ గ్రూపులో బొటనవేళ్ళు మొలిచాయి. "సూపర్ నాన్నా" అని పక్క గదిలోంచి మెసేజ్ వచ్చింది. ఇస్త్రీ బట్టల పక్కన కూర్చుని నా కుకీ నేను తిన్నాను. నోట్లో వెన్నలా కరిగిపోయింది. ఏడుపొచ్చిందండీ.

అందుకే చెబుతున్నాను, మాడ్చండి! ఇది రాస్తున్నప్పుడు కూడా ఓవెన్లో ట్రే ఉంది. పగుళ్ళు వచ్చి చాలాసేపైంది. వాసన మారింది. నేను మాత్రం లేవలేదు.

మంచినీళ్ళకని మా ఆవిడ వంటింట్లోకి వచ్చింది. ముక్కు ఎగబీల్చి ఓవెన్ వంక చూసింది, నా వంక చూసింది. అయిపోయాను, స్విచ్ కట్టేసి నాకు క్లాసు పీకుతుందనుకున్నాను. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. బాల్కనీలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చి, "అమ్మ శాలువా కూడా అక్కడే పెట్టాను. ఇంకాసేపు కానివ్వండి" అంది.