గ్యాస్ బండలు, చీమల బాట

ఆ ఉదయం నర్గిస్‌ను పెళ్ళి సంగతి అడిగేయాలని శెహాతా గడ్డం గీయించుకుని మరీ బయలుదేరాడు. అతనికి భార్య పోయింది, ఆమెకు భర్త పోయాడు. అలెగ్జాండ్రియాలో గ్యాస్ బండలు వేసే శెహాతా, బేరం ఉన్నా లేకున్నా, రోజుకు నాలుగైదు సార్లు కర్మూజ్ పేటలో ఆమె ఉండే సందుకు వెళ్ళేవాడు. ట్రాలీ ఆటో ఆపి, పానాతో బండ మీద టింగుమని కొట్టేవాడు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దిగేది. అందులో టీ గ్లాసు. ఆమె అడిగినప్పుడు నిండు బండ గుమ్మం దగ్గర దించేవాడు. ఖాళీది తిరిగివ్వమని అడగడానికి కూడా నోరు వచ్చేది కాదు.

బయలుదేరుతుంటే గ్యాస్ డిపో ఇంజనీరు బాసెమ్ అతని ఫోనులో దారి చూపే కొత్త యాప్ వేసి ఇచ్చాడు.

"చీమల పద్ధతి శెహాతా ఉస్తా! చీమ నడిచినచోట వాసన వదుల్తుంది. వాసన ఎక్కువున్న దారినే మిగతావన్నీ పోతాయి. ఇన్నాళ్ళు మీరంతా తిరిగిన దారులన్నీ ఇందులో ఉన్నాయి. ఇవాళ్టి నుంచి ఎవరెటు పోవాలో ఇదే చెప్తుంది."

చీమలతో తనకేం పని అనుకున్నాడు శెహాతా.

సందులో పానా ఎత్తాడో లేదో, వెనక డిపో ట్రాలీ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక మరొకటి.

"మీరెందుకొచ్చార్రా?"

"ఫోను పంపింది బాబాయ్. ఊళ్ళో బేరమంతా ఇక్కడే ఉందంట!"

అందరూ కలిసి పానాలు మోగించారు. కిటికీలు తెరుచుకున్నాయి. ఇన్ని ట్రాలీలు వచ్చాయంటే రేపటినుంచి గ్యాస్ ఉండదేమోనని ఎవరో అన్నారు. అంతే, ఖాళీ బండలు మెట్లమీద దొర్లుకుంటూ దిగాయి. పక్క సందు కూడా వచ్చిపడింది. చూస్తుండగానే ట్రాలీలు ఖాళీ. దొరకనివాళ్ళు శెహాతా చొక్కా పట్టుకున్నారు.

"రోజూ వచ్చి ఆ నర్గిస్‌కే వేస్తాడు. ఆవిడింట్లో ఎన్ని దాచాడో చూద్దాం, పదండి!" అంది హజ్ చేసొచ్చిన ఎదురింటి హాజ్జా రతీబా.

"ఆమె జోలికి పోకండి!" అని శెహాతా మెట్లకు అడ్డం నిలబడ్డాడు. తన మూలాన ఆమె పరువు పోతే ఇక అడిగేదేముంది? అతన్ని తోసుకుంటూ జనం పైకెక్కారు.

వంటగది నిండా బండలే. ఒక్కదానికీ సీలు ఊడలేదు. పొయ్యికి గోడలోంచి పైపు వచ్చి ఉంది. ఆ బిల్డింగుకు పైపు గ్యాస్ వచ్చి ఏడాదైంది.

"మరి ఇన్ని ఎందుకు కొన్నావే తల్లీ?" అంది హాజ్జా.

నర్గిస్ నల్ల ముసుగు సర్దుకుంది. "కొనకపోతే ఈయన దేనికొస్తాడు? నోరు తెరిచి అడిగే మనిషైతేనా!"

అందరూ శెహాతా వైపు తిరిగారు. అతను అడిగాడు. మాట తడబడింది కానీ ఆగలేదు.

"సరే. ముందు ఈ బండలు కిందికి దించు, పాపం వాళ్ళు ఎదురుచూస్తున్నారు" అంది నర్గిస్.

సాయంత్రం బాసెమ్ ఆ సందులో అమ్ముడైన బండల లెక్క మళ్ళీ సరిచూసుకుని, చీమ దారి తప్పలేదన్నాడు.