జరీ పెట్టెలో రుక్కమ్మ పాట

గద్వాలలో ఇటీవల విడుదలైన ఒక పాటల ఆల్బమ్ అట్టపెట్టెల చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

పాడినది వీపనగండ్ల రుక్కమ్మ. నాట్లేస్తూ ఆమె గొంతెత్తితే పక్క మడిలో వాళ్లు పని మరిచిపోయేవాళ్లు. పాపం, ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ పాట దక్కదని దవాఖానలో చెప్పారు.

"గొంతు పోకముందే నా పాట యాడనన్న పట్టి పెట్టుండ్రి సారూ. నా మనవరాలు శ్రీజ ఇనాలె" అని ఆమె వేడుకుంది.

ఈ మాట చెవిన పడి హైదరాబాదులోని ఒక పాటల కంపెనీ అధిపతి శ్రవణ్ కుమార్ గారు చలించిపోయారు. "పాట ఫోన్లో ఎవడైనా వింటాడు. అభిమానికి చేత పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. మనం అమ్మేది పెట్టె!" అని సెలవిచ్చారు. ఇంత మాట పుట్టాలంటే బుర్ర ఎంత ఖాళీగా ఉండాలో పాఠకులకు తెలుసు.

రికార్డింగు ఒక్క పూటలో ముగిసింది. పెట్టెకు మాత్రం ఎండాకాలమంతా పట్టింది. లోపల చిన్న సీసాలో పొలం మట్టి. నాలుగు రకాల ఫోటో కార్డుల్లో ఏదో ఒకటి. ఏ పెట్టెలో ఏది ఉందో తెలియదు కనుక నిజమైన అభిమాని కొంటూనే ఉండాలి. ఫోటోలో రుక్కమ్మ లేదు. ఆమె ముడతలు డిజైనుకు కుదరలేదట. నారుకట్టను తలకిందులుగా పట్టుకున్న ఒక మోడల్ ఉంది.

మూతకు గద్వాల చీర. ఈ ఊళ్లో చీర చేతికొస్తే ముందుగా పట్టు అంచూ నూలు ఒంటి భాగమూ కలిసే అతుకును బొటనవేలితో తడిమి చూస్తారు. అందుకే నేసిన గోవిందు మొండికేశాడు. "అతుకు కాడ కత్తెర పెట్టనియ్య. పోగులూడితే నా పేరు పోతది. లోపలికే మడుస్త" అన్నాడు. మడత మీద మడత పడి, మూత పడలేదు.

కంపెనీ కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. మట్టి తీస్తే అస్తిత్వం పోతుంది, కార్డు తీస్తే అమ్మకం పోతుంది. తీసినా ఎవరికీ తెలియని వస్తువు ఒక్కటే తేలింది, పాటల సీడీ. ఏకగ్రీవంగా తీసేశారు. అమ్మకానికి లేని పాటలు కంప్యూటర్లో దండగని అక్కడా చెరిపేశారు.

ఆవిష్కరణ సభ దివ్యంగా జరిగింది. "రుక్కమ్మ పాట విని రాత్రంతా ఏడ్చాను" అని ముఖ్య అతిథి శంకరయ్య గారు ప్రసంగించారు. జనం వరుసకట్టి, అతుకు తడిమి, తృప్తిపడి కొన్నారు. సీలు తీస్తే విలువ పోతుందని మీద రాసి ఉంది కనుక ఎవరూ తీయలేదు. తర్వాత వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. ఇటిక్యాల ఆసామి ఒకాయన పెట్టె మీద జరీ పోగు లేచిందట. కంపెనీ క్షమాపణ చెప్పి కొత్తది పంపింది.

ఈలోగా రుక్కమ్మకు ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. మంచం మీద నుంచి పెట్టె వైపు వేలు చూపిస్తే, శ్రీజ సీలు తీసింది. మట్టి ఉంది, మోడల్ ఉంది.

తమ పెట్టెలోనే సీడీ మరిచారనుకుని ఆ పిల్ల శంకరయ్య గారింటికి వెళ్లింది. షోకేసులో పెట్టె, చుట్టూ చుట్టాలు.

"మా దాంట్ల ఉంటది బిడ్డా. కానీ సీలు తీస్తే ఇలువ పోతది" అన్నారాయన. "మీ అవ్వ పాట మాత్రం మస్తుగున్నది. పానం లేచొచ్చింది." చుట్టాలందరూ అవునన్నారు.

శ్రీజ ఫోను బయటికి తీసి రికార్డింగు నొక్కింది.

"గట్లయితే మీకు యాదికున్న కాడికి జర పాడుండ్రి. మా అవ్వకు ఇనిపిస్త."

అందరూ పెట్టె వైపు చూశారు. పాఠకులారా, ఆ పాట అద్భుతమని మీరు కూడా నలుగురిలో అన్నారట కదా, ఒక్క చరణం అందుకోండి.