ఉత్త ఆరు

ఊరికి రెండో వరద వచ్చిపోయిన మరుసటి ఏడు. అక్కడొక వడ్రంగి శవపెట్టెలు చేసేవాడు. మాట మహా పొదుపు. ఒక పొద్దున ఒకావిడ ఫోను చేసి, మా ఆయన పోయారు, మధ్యాహ్నానికి పెట్టె కావాలంది. "ఎన్ని?" అన్నాడు. "ఆరు," అందావిడ. పెందలాడే పని ముగించి నడుం వాల్చాలని అతని ఆలోచన.

చెక్క కోసే యంత్రానికి ప్రోగ్రాం రాసింది కోడలు. రోజూ అంకెలు తనే నొక్కేది. ఆవేళ ఇంకా లేవలేదు. వడ్రంగే 6 నొక్కి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పెట్టె పక్కచెక్క గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురింటి మెట్ల మీద తల పెట్టుకుని పడుకుంది.

యంత్రం మీటర్లలో కోసిందని కోడలు చూడగానే చెప్పింది.

"ఆరు మీటర్ల మనిషుంటాడా అమ్మా?"

"లోపల పడుకునేది మనిషని దానికెవరు చెప్పారు మావయ్యా? మీరిచ్చింది ఉత్త అంకె."

ఉత్త అంకెను తీసుకోవడం ప్రోగ్రాం తప్పేనని ఒప్పుకుని, మార్చడానికి కూర్చుంది. ఇకమీదట అడుగు ఒక రకం, మీటరు ఇంకో రకం. రెంటినీ కలిపి కూడితే ప్రోగ్రాం తయారే కాదు, యంత్రం తిరగకముందే తప్పు బయటపడుతుంది. వెంటనే ఒకటి బయటపడింది కూడా. చెక్క మందం అంగుళాల్లో ఇస్తుంటే, పాత ప్రోగ్రాం సెంటీమీటర్లనుకుందట. అంటే ఇంతవరకు చేసిన పెట్టెలన్నీ లోపల ఇరుకే.

"వెళ్ళినవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు," అన్నాడు వడ్రంగి.

ఈసారి 6 నొక్కితే యంత్రం కదల్లేదు. 6 అడుగులు అన్నాక కదిలింది. ఇక తప్పు జరగడానికి వీల్లేదని కోడలు ధీమాగా చెప్పి, తనూ పెట్టె వెంట బయల్దేరింది.

పోయినాయన ఐదడుగులు కూడా లేడు. అడ్డం మాత్రం ధారాళంగా ఉన్నాడు. పెట్టెలోకి దిగనే లేదు. ఆవిడ పెట్టె చుట్టూ తిరిగి చూసి, "ఆరని చెప్పాను కదా, నాలుగే ఉన్నాయేం?" అంది.

"ఏవి?"

"పిడులు. ఈయన్ని మొయ్యాలంటే ఆరుగురు కావద్దూ?"

కోడలు మామ వైపు తిరిగింది. "ఫోన్లో మీరు తీసుకుందీ ఉత్త అంకే మావయ్యా."

మిగిలిన పొడుగు చెక్కలు అడ్డానికి అక్కరకొచ్చాయి. పొద్దు వాలుతుండగా, ఆరు పిడులతో, ఆయన బయల్దేరాడు. వడ్రంగి నడుం మాత్రం వాలలేదు.

మర్నాడు పొద్దున ఇంకో ఇంటి నుంచి ఫోను. వడ్రంగి ఎన్నని అడగలేదు. అడ్రసు ఒక్కటి విని పెట్టేశాడు. టేపు జేబులో వేసుకుని స్వయంగా వెళ్ళి, దుప్పట్లో ఉన్న పెద్దాయనకు తల నుంచి కాళ్ళ దాకా పట్టి చూస్తున్నాడు. పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"ఐదున్నర అడుగులు," అన్నాడు. "తొందరేం లేదు."