పాలకూర మడిలో ఆఫీసరు

ఆ మంగళవారం పొద్దున ఎస్తేరమ్మ అనుకున్నది ఒక్కటే. పెద్దబాతులు దిగకముందే మడిలో బెదురుబొమ్మను నిలబెట్టి, ఏడు గంటల బస్సుకు ఆకుకూర మూటతో కొత్తకోట మార్కెట్‌కు పోవాలి.

ఇరవై ఏళ్లు ఒకరి చేలల్లో కలుపు తీసిన మనిషి ఆమె. ఆ ఏడు, అంటే 2007లో, మొదటిసారి హైవే పక్కన అర ఎకరం కౌలుకు పట్టి పాలకూర వేసింది. కాగితం రాసుకోలేదు, నోటి మాటే. పంట బాగా వస్తే వచ్చే ఏడు కూడా నీకేనని భూమి ఆసామి అన్నాడు. పంట బాగానే వచ్చింది. కాకపోతే పక్కనున్న ధాబా భీమన్న, కాపలాకని ఏడు పెద్దబాతులు తెచ్చాడు. తెల్లగా, నిటారు మెడలతో, పెళ్లివారిలా వరుసగా నడిచొచ్చి అవి రోజూ లేతాకు తినిపోతున్నాయి.

రాయి విసరడానికి ఆమెకు చేతులు రాలేదు. నోరులేని జీవాలు. పైగా రోజూ పొద్దున ఆమె దగ్గర మొదటి కట్టలు కొనేది భీమన్నే. కొనేవాడితో కొట్లాట పెట్టుకోలేక ఒక ఉపాయం చేసింది. గట్టు మీద పండుటాకులు, కాడలు పోసి "దా దా" అని పిలిచేది, మడి మీది నుంచి మనసు మళ్లుతుందని. అవి గట్టు మీదివి తిని, ఆకలి పెరిగి మడిలోకి దిగేవి.

చివరికి కాలేజీలో చదువుతున్న కూతురు కృప, తళతళలాడేవాటికి పక్షులు బెదురుతాయని చెప్పి, కంప్యూటర్ సెంటరువాళ్లు పారేసిన సీడీలు తెచ్చింది. భర్త మాసయ్య హైదరాబాదులో వాచ్‌మన్‌గా ఉన్నప్పటి ఖాకీ చొక్కా, టోపీ ఇచ్చాడు.

"మూడేండ్లు గిదే ఏసుకొని గేటు కాడ నిలవడ్డ. ఒక్క దొంగ రాలె," అన్నాడు.

"గేటు కాడ బాతులు గిట్ల ఉండెనా?" అని అడిగింది ఎస్తేరమ్మ.

"బాతులు గూడ రాలె."

అలా బొమ్మ నిలబడింది. చాచిన కుడిచేతికి సీడీ వేలాడుతోంది. మాసయ్య పనికి, కృప కాలేజీకి, ఎస్తేరమ్మ మార్కెట్‌కు వెళ్లిపోయారు.

ఎండ ఎక్కాక మొదటి లారీ వచ్చింది. దాని నిండా బండలు, ఉండాల్సిన దానికంటే ఎక్కువే. డ్రైవరుకు దూరంలో ఖాకీ చొక్కా, అడ్డంగా చాచిన చెయ్యి, అందులో ఏదో మెరుపు కనిపించాయి. అతను నెమ్మదిగా ధాబాలోకి తిప్పి, "ముంగట చెకింగ్ ఉంది," అని మంచం మీద కూర్చున్నాడు. వెనక వచ్చినవాడూ అదే చేశాడు. తొమ్మిదిన్నరకు ధాబా ముందు జాగా చాలక లారీలు రోడ్డు మీదికి బారులు తీరాయి.

భీమన్న మొదట సంతోషించాడు. కూరలు అడుగంటుతుంటే పరేషాన్ అయ్యాడు. సారు పోతేనే లారీలు కదులుతాయని, వంటమనిషి మల్లన్నకు చాయ్ ఇచ్చి మడి వైపు పంపాడు. మల్లన్న సగం దూరం వెళ్లేసరికి బొమ్మ నీడలో కూర్చున్న బాతులు మెడలు చాచి బుస్సుమన్నాయి. అతను గ్లాసు గట్టు మీద పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"తీస్కోలేదా?" అని అడిగాడు భీమన్న.

"మొకం గూడ తిప్పలె సేటు. సుట్టు బాతులను కాపలా పెట్టుకున్నడు."

"మన బాతులనా?"

"మనయే. ఆయన ముంగట మస్తు బుద్ధిగ కూసున్నయి."

చాయ్ ముట్టని ఆఫీసరును ఆ రోడ్డు మీద ఎవరూ ఎరగరు. డ్రైవర్లు మంచాలు దిగి కాగితాలు వెతుక్కోసాగారు. ఒకతను రెండేళ్లుగా వెలగని బ్రేకు లైటు బాగుచేసుకున్నాడు.

పది గంటలకు తిరిగొస్తున్న ఎస్తేరమ్మ, బస్సు ఆగిపోతే దిగి నడిచింది. ఏమైందని ఒక డ్రైవరును అడిగింది.

"పెద్ద ఆఫీసరు వచ్చిండమ్మా. పొద్దటిసంది పాలకూర మడిల నిలవడ్డడు."

"నా మడిలనా? ఎందుకు?"

"తెల్వదు. ఎవ్వలతోని మాట్లాడతలేడట."

ఆమెది కాగితం లేని కౌలు. ఎవరో ఫిర్యాదు చేశారు, భూమి పోయినట్టే అనుకుని, కొంగు బిగించి పరుగులాంటి నడక అందుకుంది. ట్రాఫిక్ ఆగిందని తెలిసి ఎస్సై కూడా అప్పుడే జీపు దిగాడు. తనకు చెప్పకుండా తన హద్దులో చెకింగ్ అంటే ఎంత పెద్దవాడో అని టోపీ సర్దుకుని, గట్టెక్కి, సెల్యూట్‌కు చెయ్యెత్తాడు. అప్పటికి ఎస్తేరమ్మ చొక్కాను గుర్తుపట్టింది.

"సారూ, గది బొమ్మ."

ఎత్తిన చెయ్యిని ఎటూ తేల్చుకోలేక ఎస్సై చెవి గోక్కున్నాడు. "ఎవలు పెట్టిన్రు?"

"నేనే సారు. బాతులు రావద్దని."

ఎస్సై బొమ్మ కాళ్ల దగ్గరి బాతులను చూశాడు. "వచ్చినయి గదా."

"ఔ సారు," అంది ఆమె నేల చూస్తూ.

ఇంతలో భీమన్న వచ్చాడు. కేసు పెడతారన్న భయంలో ఎస్తేరమ్మకు ఇన్నాళ్లు రాని ధైర్యం వచ్చింది. "సేటూ, నీ బాతులతోనే నాకు గిది వచ్చింది. నా పంటంత తింటున్నయి. జర కట్టేసుకో."

భీమన్న నిజంగానే తెల్లబోయాడు. "నీ కోసమే ఇడుస్తున్న గదక్కా. రోజు దా దా అని పిలిచి మేపబడితివి. పిల్లల లెక్క సాకుతున్నదని, పొద్దుగాల జొన్నలు ఏసుడు గూడ బంద్ చేసిన. నీ చేతి మేత తిననీ అని."

"నేను ఎల్లగొడుతున్న సేటూ."

"దా దా అని ఎల్లగొడ్తరా?"

ఎస్సై అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

రేపటినుంచి పొద్దునే జొన్నలు వేసి విడుస్తానని, గట్టు పొడవునా మోకాటి ఎత్తున తాడు కడతానని భీమన్న అన్నాడు. బాతులు తాడు దూకవు, దాని కింద దూరడం వాటికి నామోషీ. తర్వాత గొంతు తగ్గించి, "ఉన్న కూరంత ఇప్పుడే కొయ్యక్కా. నలభై మంది ఆకలితో కూసున్నరు," అన్నాడు. ఆమె కొడవలి అందుకుంది. మధ్యాహ్నానికి మడి మొత్తం కోసేసింది. మొక్కల వేళ్లు పదిలంగా ఉన్నాయి, రెండు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. పోలీసు జీపు వచ్చిందని తెలిసి వచ్చిన భూమి ఆసామి ఆ కట్టల కుప్ప చూసి, వచ్చే ఏడుకు కాగితమే రాసుకుందామన్నాడు.

రోడ్డు మీది లారీలన్నీ కదిలాక, పోబోతూ ఎస్సై ఆగాడు. "అమ్మా, ఈయనను నాకిస్తవా? బడి మలుపు కాడ పిల్లలు రోడ్డు దాటుతరు. లారీలు ఆగుతలేవు."

ఎస్తేరమ్మ బొమ్మ చొక్కా కాలరు సరిచేసి ఇచ్చింది.

ఆ వారమే ఎస్సై, స్టేషన్‌కు ఇద్దరు కానిస్టేబుళ్లు కావాలని పైకి రాసిన ఉత్తరాన్ని వెనక్కి తెప్పించుకుని, ఒక్కరు చాలని దిద్ది పంపాడు.