ఎదిగే కుర్చీ

ఇకమీదట ప్లాస్టిక్ అన్న మాటే వినపడకూడదని పరిశ్రమల మంత్రిగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ప్రకటించారు. పంట వ్యర్థాల మీద బూజు పెంచి, దాంతో ప్లాస్టిక్‌కు బదులు వాడే బయోపాలిమర్ తయారుచేసి, కుర్చీలూ బల్లలూ అన్నీ దాంతోనే చేయిస్తారట. మొదటి కుర్చీలో తామే కూర్చుంటారట. దార్శనికులంటే అలా ఉండాలి!

ఆ పని ప్రభుత్వ ప్రయోగశాలలో ఉన్న ఒకే ఒక్క శాస్త్రవేత్త నెత్తిన పడింది. ఆఫీసులో అందరూ ఆమెను బూజమ్మ అంటారు. ఆవిడ అదేం పట్టించుకోదు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన పరిశోధన, పిల్లలు కాలేజీకొచ్చినా సాగుతూనే ఉంది. ఆ గదిని డ్రైవర్ల విశ్రాంతి మందిరం చేద్దామని పైవాళ్లు ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నారు. కుర్చీ నచ్చితే ల్యాబ్ ఉంటుంది, లేదంటే బూజమ్మ తట్టాబుట్టా సర్దుకోవాలి. ఆ తలంపుకే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

కుర్చీ అచ్చులో గడ్డీ ఊకా కూరి బూజును వదిలింది. అది తెల్లటి దారాలు అల్లుకుంటూ గడ్డినంతా ఒకే దిమ్మగా బిగించేసింది. ఇక ఓవెన్‌లో పెట్టడమే తరువాయి అనగా మంత్రిగారు పరిశీలనకు వేంచేశారు.

“ఓవెన్ ఎందుకమ్మా?”

“బూజు చచ్చిపోవడానికి సార్. లేకపోతే పెరుగుతూనే ఉంటుంది.”

మంత్రిగారి మొహం ఎర్రబడింది. “పెరిగేదాన్ని చంపేస్తారా? మాది అభివృద్ధి ప్రభుత్వం!”

“అది కాదు సార్, దానికి పిండిపదార్థం ఏది దొరికినా తినేస్తుంది...”

“తిననివ్వండి. నా శాఖలో ఎవరూ పస్తుండడానికి వీల్లేదు.”

పీఏ కళ్లు తుడుచుకున్నాడు.

కుర్చీ పచ్చిగానే మంత్రిగారి గదికి చేరింది. మంత్రిగారి నూలు బట్టలకు గంజి దండిగా ఉండాలి, నడిస్తే పెళపెళలాడాలి. బూజుకు అంతకన్నా విందు భోజనం ఏముంటుంది? వారం తిరక్కుండానే చొక్కా, ప్యాంటూ కుర్చీకి అతుక్కుపోయాయి. కబురు విని బూజమ్మ కత్తెర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మంత్రిగారు మాత్రం మురిసిపోతున్నారు.

“ఇన్నాళ్లూ కుర్చీని నేను పట్టుకుని వేలాడాను. ఇప్పుడు కుర్చీయే నన్ను వదలడం లేదమ్మా!”

ఆ మాట మర్నాడు పేపర్లో వచ్చింది. మిగతా మంత్రులకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత శాఖ పనితీరు అమాంతం మెరుగుపడింది. ఫైళ్లు చకచకా కదులుతున్నాయి. మంత్రిగారు ఎవర్నీ కసరడం లేదు, ఎవర్నీ ఏమీ అడగడం లేదు. అంతా ఆయన్ని పొగిడేవాళ్లే. కొన్నాళ్లకు బూజమ్మకు పిలుపు వచ్చింది. వెళ్లేసరికి కుర్చీ కిటికీవైపు తిప్పి ఉంది. చుట్టూ తిరిగి ముందుకు వెళ్లి నమస్కారం పెట్టబోయి ఆగిపోయింది.

కాలర్ పైన ఏమీ లేదు. బట్టలు మాత్రం బూజుతో గట్టిపడి, భుజాలతోనూ పొట్టతోనూ సహా దర్జాగా కూర్చుని ఉన్నాయి. చొక్కా కుడిచేతిలో రబ్బరు స్టాంపు దోపి ఉంది. భుజం మీద మెల్లగా తట్టి చూసింది. డొల్ల చప్పుడు.

“సార్ ఏరండీ?”

“దురద తట్టుకోలేక ఒకరోజు బట్టల్లోంచి జారుకుని ఆస్పత్రికి వెళ్లారు,” అన్నాడు పీఏ గొంతు తగ్గించి. “ఇక్కడ పనేమీ ఆగలేదు కదా అని ఎవరికీ చెప్పలేదు. మీకో శుభవార్త మేడమ్. మీ ల్యాబ్‌ను శాశ్వతం చేస్తూ సార్ ఉత్తర్వు ఇచ్చారు.”

“ఏ సార్?”

పీఏ కుర్చీవైపు భక్తిగా చూశాడు.

ఉత్తర్వు పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. సందర్శకుల బెంచీ మీంచి, ఆస్పత్రి గౌనులో ఉన్న ఒక పెద్దమనిషి వీపు గోక్కుంటూ లేచాడు. గార్డు అడ్డుగా నిలబడి ఉన్నాడు.

“అమ్మా, మీరైనా చెప్పండి వీడికి! మంత్రిని నేనే కదా?”

బూజమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఇట్టే గుర్తుపట్టింది. పాపం అనిపించింది కూడా. ఉత్తర్వును మడిచి బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది.

“కూర్చోండి,” అంది. “సార్ లోపల బిజీగా ఉన్నారు.”