సంచిలో ఆగిన పగడం

శనివారం పొద్దున ఈశ్వరప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనేజర్ రస్ ఇంటికెళ్ళి బతికున్న పగడం ముక్క ఒకటి తెచ్చుకోవాలి. తొమ్మిదిలోగా తన ఉప్పునీటి తొట్టిలో వేసెయ్యాలి. సాయంత్రం రస్ చూడ్డానికి వచ్చేసరికి అది పువ్వులా విచ్చుకుని ఉండాలి.

అది 1999 నవంబరు. బ్రిస్బేన్‌లో అతను చేస్తున్నది కంప్యూటర్లలో తేదీలు దిద్దే వై2కె పని. డిసెంబరు ఆఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించే సంతకం రస్ చేతిలో ఉంది. రస్ ప్రాణమంతా పగడాల మీద ఉంది. అందుకే ఇంటర్వ్యూలో ఈశ్వరప్రసాద్ తనకు ఉప్పునీటి తొట్లలో మూడేళ్ళ అనుభవం ఉందన్నాడు. కోబాల్ ప్రోగ్రాములు రాయడంలో ఉందన్న అయిదేళ్ళ పక్కన అదేమంత పెద్ద అబద్ధం కాదు. తొట్టి కొన్నది మాత్రం రెండు నెలల కిందట, రస్ పగడం ఇస్తానన్నాక.

నీళ్ళూ పగడమూ వేసి ముడేసిన ప్లాస్టిక్ సంచిని ఐసుపెట్టెలో పెట్టుకుని అతను సన్నీబ్యాంక్‌లోని ఇల్లు చేరేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలుంది. ఆ అయిదు నిమిషాలూ భార్య కాత్యాయని గుమ్మంలోనే తినేసింది.

"తొమ్మిదికి రాహుకాలం. ప్రాణమున్నది కొత్తచోట దిగుతుంటే టైం చూడక్కర్లేదా?"

"దానికి పంచాంగం తెలీదు, కాత్యాయనీ."

"మీ ఉద్యోగానికి తెలుసు."

 పెట్టెలో ఊపిరాడదేమోనని ఆవిడ సంచిని తీసి, ముడి విప్పి, మూతి తొట్టి అంచుని పట్టుకునేలా క్లిప్పు పెట్టి తొట్టి నీళ్ళలో తేలేసింది. సంచిలో ఉన్నంతసేపూ గుమ్మం బయట ఉన్నట్టేనట. గుమ్మంలో నిలబెట్టినవాళ్ళకి మంచినీళ్ళైనా ఇవ్వాలి కదా అని పావుగంటకోసారి తొట్టి నీళ్ళు ఒక ఉద్ధరిణెడు సంచిలో పోసి, గోడ కేలండరు మీద ఒక టిక్కు పెట్టింది.

పదిన్నరకి, రాహుకాలం దాటగానే, అతను సంచి మీద చెయ్యి వేశాడో లేదో, పక్క ఫ్లాటు రాజారావు కాఫీకి వచ్చాడు. అతనిదీ వై2కె పనే. సంగతి విని, పంచాంగం ఇండియా టైముకి వేసిందనీ, నాలుగున్నర గంటలు కలపాలనీ, రాహుకాలం అసలింకా రానేలేదనీ తేల్చాడు. ఇక్కడ సూర్యుడు అయిదు కాకుండానే లేస్తాడు కాబట్టి లెక్క మొత్తం ముందుకు జరపాలన్నాడు ఈశ్వరప్రసాద్. ప్రపంచంలోని కంప్యూటర్లకి తేదీలు దిద్దుతున్న ఇద్దరు నిపుణులూ కాగితం తీసుకుని కూర్చున్నారు. ఎన్నిసార్లు వేసినా ఇద్దరికీ ఒకే జవాబు రాలేదు.

"మీరిద్దరూ ఒక మాటమీదికి రండి అన్నయ్యగారూ, అప్పుడు వేద్దాం," అంది కాత్యాయని ఇంకో టిక్కు పెడుతూ.

ఒంటిగంటన్నరకి అందరూ ఒక మాటమీదికి వచ్చారు. రాజారావు లెక్కలో అప్పుడు మొదలయ్యేది రాహుకాలం. కాత్యాయని లెక్కలో యమగండం. మూడు దాకా ఆ సంచి జోలికి పోకూడదని రెండు దేశాల పంచాంగాలూ ఏకమయ్యాయి.

రెండింటికి రస్ వచ్చాడు. సాయంత్రం వేరే పని తగిలిందట. తొట్టిలోకి వంగి, ఇదింకా సంచిలోనే ఎందుకుందని మెల్లగా అడిగాడు. ఈశ్వరప్రసాద్‌కి కళ్ళముందు జనవరి నెల కనిపించడం మానేసింది. దొరికిన దారిలో తప్పించుకోబోయాడు.

"అంతా మా ఆవిడే సార్. నన్ను ముట్టుకోనివ్వలేదు."

రస్ ఆవిడవైపు తిరిగాడు. ఆవిడ తడబడకుండా కేలండరు చూపించి, తొమ్మిది నుంచీ పావుగంటకో చెంచా అని చెప్పింది. అతను టిక్కులు లెక్కపెట్టాడు. ఇరవై. సంచిలో పగడం అప్పటికే సగం విచ్చుకుని ఉంది.

కొత్త నీళ్ళు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యకపోతే పగడం చచ్చిపోతుందనీ, ఆ ఓపిక లేక తను మొదటి మూడింటినీ చంపుకున్నాననీ రస్ చెప్పుకొచ్చాడు. ఈశ్వరప్రసాద్ అవన్నీ తెలిసినట్టే తలాడించాడు, మొదటిసారి వింటున్నా. ఏం చదివారని రస్ కాత్యాయనిని అడిగాడు. తెనాలిలో బీఎస్సీ అందావిడ. మూడింటికి తొట్టిలో వేస్తానంటే, అప్పటిదాకా రస్ కూడా సోఫాలో కూర్చుని ఆగాడు.

సోమవారం రెండు కాగితాలు వచ్చాయి. ఈశ్వరప్రసాద్ కాంట్రాక్టు ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. ప్రోగ్రాములు పరీక్షించే జట్టులోకి కాత్యాయనిని తీసుకున్నారు. అతను రాసింది ఆవిడ సరేనంటేనే ముందుకెళుతుంది.

ఆ ఆర్నెల్లలో ఆవిడ దగ్గర్నుంచి తప్పులు దిద్దమని తిరిగిరాని అతని ప్రోగ్రాం ఒక్కటే ఉంది, అదీ ఆవిడ సెలవు పెట్టిన రోజున వెళ్ళింది.